రెండున్నర గంటల తేడా

“విమానం ఐదు గంటలే. నువ్వు ఏడున్నర గంటలు ఎక్కడ తిరిగావు?”

జక్రయ్య అరుగు మీద నుంచి లేవకుండానే అడిగాడు. పెళ్లాం హెలెన్ సింగరాయకొండ స్టేషన్‌లో రైలు దిగి, ఆటోలో ఇప్పుడే వచ్చింది. సూట్‌కేసు ఇంకా వీధిలోనే ఉంది. కువైట్‌లో ఇంటిపనికని రెండేళ్ల కిందట వెళ్లిన మనిషి. ఒంటినిండా అత్తరు వాసన.

మూడున్నరేళ్ల ఆరాధన తండ్రి వీపు వెనక నక్కి కొత్త మనిషిని చూస్తోంది. హెలెన్ చేతులు చాచింది.

“లెక్క తేలిందాకా పిల్లను ముట్టుకోబాక.”

ఫోన్ తీసి చూపించాడు. కువైట్ నుంచి హైదరాబాద్‌కు మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు. విమానంలో ఐదు గంటలు.

“పొద్దున ఆరింటికి విమానమని ముందే చెప్పావు. దిగేసరికి ఒంటిగంటన్నర అయిందన్నావు. మిగతా టైమంతా ఎవడితో ఉన్నావే?”

అతనికి మొదటి నుంచీ అనుమానమే. హెలెన్ ఒక్కసారి కూడా వీడియో కాల్ చేయలేదు. పనిచేసే ఇంటి మేడమ్ ఒప్పుకోదంది. ఎడారి దేశం నుంచి మాట్లాడుతుంటే గొంతు పక్క వీధిలోంచి వచ్చినట్టు ఎలా ఉందని అడిగితే నవ్వేసింది.

ఇంతలో జక్రయ్య అక్క జయకుమారి వచ్చింది. మిరప కళ్లంలో కాయల తొడిమలు తీసే పని ఆమెది.

“ఒరేయ్, ఊరంతా వింటోంది. దాన్ని లోపలికి రానీరా.”

అత్తను చూసి పాప చేతులు ఎత్తింది. జయకుమారి గబుక్కున వెనక్కి జరిగింది.

“నేనొద్దే తల్లీ, తొడిమల చేతులు. సబ్బుతో ఎంత రుద్దినా రెండు రోజులు మంట పోదు. మొన్న బుగ్గ పట్టుకుంటే ఎంత ఏడ్చావు!”

హెలెన్ చేతులు కొంగులోకి పోయాయి. కారుతున్న కన్నీళ్లను భుజానికి ఒత్తుకుంది.

“మావా, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ ఆరంటే మనకు ఎనిమిదిన్నర.”

జక్రయ్య నమ్మలేదు. కువైట్ టైము ఫోన్‌లో కొట్టి చూశాడు. నిజమే. వేళ్ల మీద మళ్లీ లెక్కేశాడు. సరిగ్గా ఐదు గంటలే తేలింది.

“బడి ఎగ్గొడితే ఇంతేరా,” జయకుమారి నవ్వింది. “అనుమానించాల్సింది గడియారాన్ని. పెళ్లాన్ని కాదు.”

జక్రయ్య తల వంచుకున్నాడు. సూట్‌కేసు తనే తెచ్చి గుమ్మంలో పెట్టాడు. పాపను ఎత్తి హెలెన్‌కు అందించాడు. ఆమె చేతులు కొంగులోంచి బయటికి రాలేదు.

“ఏమే, కన్నబిడ్డకు కూడా మొహమాటమా?”

హెలెన్ మెల్లగా ఎత్తుకుంది. పాప ఆ అత్తరు చేతిని పట్టుకుని తన బుగ్గకు ఆనించుకుంది.

మరుక్షణం బుగ్గ రుద్దుకుంటూ కెవ్వుమంది: “మంట నాన్నా, ఈ అమ్మ చెయ్యి కూడా అత్త చెయ్యిలాగే మంట!”