మగ మెదడు

“నిజం చెప్పు. ఎవరి దాంట్లో చూసి రాశావు?”

యూనివర్సిటీ నుంచి వచ్చిన సారంగపాణి సారు అందరి ముందూ అలా అడిగేసరికి అనసూయకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వరంగల్‌లో తెలివైన పిల్లల్ని ఏరి, వాళ్ళ మెదళ్ళు ఎలా పనిచేస్తాయో పరీక్షిస్తున్నాడాయన. మగపిల్లల్లో మొదటివాడికి ఒకటి, ఆడపిల్లల్లో మొదటి అమ్మాయికి ఒకటి, హైదరాబాద్‌లో హాస్టల్‌తో సహా ఉచితంగా చదువుకునే సీట్లున్నాయి. ఆ సీటొస్తేనే పైచదువు, లేకుంటే పదో తరగతితో సరి అని అనసూయ తండ్రి, బెల్లం దుకాణం సాంబయ్య ముందే తేల్చి చెప్పేశాడు.

“ఎవరిదీ చూడలే సార్. కావాల్నంటె మళ్ల పెట్టుండ్రి” అంది అనసూయ.

పెట్టాడు. ఒక్కదాన్నే ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ పెట్టాడు. కాగితం మడతల మీద మడతలు పెట్టి, మూలన చిల్లు పొడిచి, విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయో విప్పకుండానే గీయమన్నాడు. చకచకా గీసేసింది. ఇంకా తిరకాసువి ఇచ్చాడు. అవీ అంతే. మగపిల్లలు తలలు పట్టుకున్న బొమ్మలన్నీ ఈ పిల్లకు మంచినీళ్ళ ప్రాయం.

సారు బయట నిలబడ్డ సాంబయ్యను లోపలికి పిలిచాడు. ఆడపిల్లల మెదడు మాటల్లో దిట్ట అనీ, బొమ్మల్ని మనసులో తిప్పి చూడడం మగ మెదడు పని అనీ, తన పరిశోధనంతా దానిమీదే నిలబడిందనీ వివరించాడు.

“మీ అమ్మాయిది అచ్చంగా మగ మెదడండీ. మగపిల్లల్లో కూడా ఇంతటిది నేను చూడలేదు.”

కొడుకు లేని లోటు తీరిందని సాంబయ్య మురిసిపోయాడు, పాపం. నలుగురి ముందూ బిడ్డ తల నిమిరాడు. అనసూయ అప్పుడే మనసులో పెట్టె సర్దేసుకుంది.

సాయంత్రం సారు పేర్లు చదివాడు. ఆడపిల్లల సీటు శారదకు. మార్కుల్లో అనసూయకు ఆమడ దూరంలో ఉన్న పిల్ల!

“మరి మా బిడ్డ సంగతేంది సార్?” అన్నాడు సాంబయ్య బిత్తరపోయి.

మగ మెదడును తెచ్చి ఆడపిల్లలతో పోటీకి పెడితే వాళ్ళకు అన్యాయం చేసినట్టు కాదా, అందుకే అనసూయను మగపిల్లల్లో కలిపేశానన్నాడు సారు. ఎంత ధర్మబుద్ధి! సాంబయ్య కాసేపు ఆలోచించి, అదీ నిజమేనన్నాడు.

అనసూయ కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

“అట్లయితె మగపిల్లలల్ల ఫస్టు నేనే గద సార్. ఆ సీటు నాకియ్యుండ్రి.”

హాలంతా గొల్లున నవ్వింది. సారు కూడా ముద్దుగా నవ్వాడు.

“పిచ్చితల్లీ, మగపిల్లల హాస్టల్లో ఆడపిల్లను ఎలా ఉంచుతారమ్మా?”