ఉదయం పెళ్లివారు

"పూల మండపానికి డెబ్బై వేలా? కట్టేది పూలేనా, పుత్తడా?" భాస్కరం గొంతు హాలంతా మోగింది.

ధవళేశ్వరంలో కాలవ పక్కనున్న ఆ కల్యాణ మండపం మేనేజరు చంద్రరావు నవ్వి ఊరుకున్నాడు. ఇలాంటి తండ్రుల్ని రోజుకి ఇద్దర్ని చూస్తాడాయన.

భాస్కరం ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరై మూడేళ్లయింది. దాచుకున్నదంతా కిందటేడు భార్య సత్యలక్ష్మి గుండె ఆపరేషన్‌కి కరిగిపోయింది. ఇప్పుడు చిన్నకూతురు హర్షిత పెళ్లి. మగపెళ్లివారు రామచంద్రపురంలో బట్టల వ్యాపారస్తులు. మంచివాళ్లే, ఏమీ అడగలేదు. "మండపం ఒక్కటి కాస్త ఘనంగా ఉండేట్టు చూడండి బావగారూ, మా వర్తకులంతా వస్తారు" అని మాత్రం అన్నారు. ఆ ఒక్క మాటే ఆయనకి కంటిమీద కునుకు లేకుండా చేస్తోంది. తండ్రి చేసిన లోటుకి పిల్ల అత్తారింట్లో జన్మంతా మాట పడాలి కదా!

ఇల్లు కట్టి చూడమన్నవాడూ, పెళ్లి చేసి చూడమన్నవాడూ ఒకడే అయ్యుంటాడు. రెండూ చేసి చితికిపోయుంటాడు పాపం.

ఇంటికొచ్చి పిలుపుల జాబితా ముందేసుకున్నాడు. ఆరొందలమంది మూడొందలయ్యారు. పాత ఆఫీసర్లు పోయారు. వేలువిడిచిన మేనత్తలు పోయారు. ఎదురింటివాళ్లని ఉంచాలా తీసెయ్యాలా అని అరగంట ఆలోచించి, రోజూ మొహాలు చూసుకోవాలి కాబట్టి ఉంచాడు.

"ఏవండీ, చందనకి ఓ కార్డు..." అంది సత్యలక్ష్మి మెల్లిగా.

పెద్దకూతురు హరిచందన ఐదేళ్ల కిందట, తనతో పాటు బ్యాంకులో పనిచేసే లాజరుని రిజిస్ట్రారాఫీసులో పెళ్లి చేసుకుంది. ఆ తర్వాత భాస్కరం ఆమెని గడప తొక్కనివ్వలేదు.

"నాకున్నది ఒక్కతే కూతురు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

సత్యలక్ష్మి కళ్లొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా చంద్రరావు ఫోన్ చేశాడు.

"అదృష్టవంతులండి మీరు! అదేరోజు ఉదయానికి హాలు ఇంకొకళ్లు తీసుకున్నారండి. పూల మండపం, లైట్లు, సన్నాయి మేళం అన్నీ పెట్టించుకుంటున్నారు. పదింటికల్లా ఖాళీ చేసేస్తారంట. మీది రాత్రి ముహూర్తమే కదండీ? మీరు సరేనంటే ఎక్కడివక్కడ ఉంచేస్తామన్నారు."

"మరి మా వాటా ఎంతిమ్మంటారు?"

"పైసా అక్కర్లేదన్నారండి. ఎలాగూ పీకి పారేసేవే కదా అన్నారు."

ఫోను పెట్టేశాక కూడా భాస్కరం మనసు కుదుటపడలేదు. ఊరికే పుచ్చుకోవడం ఆయన ఒంటికి పడదు. పైగా మగపెళ్లివారికి తెలిస్తేనో? ఇంకొకళ్లు లేచి వెళ్లిన పీటల మీద మావాణ్ణి కూర్చోబెడతారా అంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? పోనీ వద్దంటే, డెబ్బై వేలు ఎక్కణ్ణుంచి తేవాలి? రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు నోరు మూసుకుని సరేనన్నాడు.

"ఆ పెళ్లికూతురి తండ్రి ఎంత పెట్టిపుట్టాడో!" అన్నాడు భార్యతో. అసూయ కూడా లేకపోలేదు. "ఒక్క పూటకి డెబ్బై వేల పూలు! కూతురంటే ఎంత ప్రాణమో మహానుభావుడికి."

సత్యలక్ష్మి తల వంచుకుని శుభలేఖలకి పసుపు రాయడం మొదలెట్టింది.

పెళ్లిరోజు రానే వచ్చింది. మనసులో ముల్లు మాత్రం పోలేదు. పది కాకుండానే ఓ చీరా, పసుపూ కుంకుమా, అరటిపళ్లూ, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పళ్లెంలో సర్దించుకుని హాలుకి బయలుదేరాడు. ఆ పిల్లకి చీర పెట్టి నాలుగక్షింతలు వేస్తే కాస్తయినా రుణం తీరుతుందని ఆయన ఆశ.

హాలు గుమ్మం ముందు ఒక్క చెప్పుల జత లేదు. సన్నాయివాళ్లు ఓ మూల కూర్చుని టీ తాగుతున్నారు. లోపల మల్లెలూ కనకాంబరాలతో మండపం కళకళలాడిపోతోంది. పీటలు మాత్రం గోడకి ఒరగేసే ఉన్నాయి. హోమగుండంలో చిటికెడు బూడిద లేదు. కింద ఒక్క అక్షింత గింజ రాలలేదు.

భాస్కరం పళ్లెంతో అక్కడే ఆగిపోయాడు. కొంపదీసి పెళ్లి ఆగిపోయిందా ఏంటి? ఆగిన పెళ్లి మండపంలో హర్షితని ఎలా కూర్చోబెట్టడం? అంతలోనే ఆ తండ్రి గుర్తొచ్చాడు. అయ్యో, ఎంత కుమిలిపోతున్నాడో!

"చంద్రరావు గారూ, ఏమైందండీ? పెళ్లికూతురేదీ? వాళ్ల నాన్నగారెక్కడ? నేనాయన్ని ఓసారి చూడాలండి."

చంద్రరావు బల్ల మీది పుస్తకం తీసుకొచ్చాడు. హాలు అప్పగించేముందు పుస్తకంలో సంతకం తీసుకోవడం అక్కడి పద్ధతి. ఆ పుస్తకం తెరిచి, పెన్ను చేతికిచ్చి, తల దించుకున్నాడు.

భాస్కరం పళ్లెం పక్కన పెట్టి, కళ్లజోడు సవరించుకుని హర్షిత పేరున్న వరస వెతుక్కున్నాడు.

దానికి పై వరసలో, ఉదయం పెళ్లి అని రాసినచోట, వధువు హరిచందన, వరుడు లాజరు, వధువు తండ్రి అన్న గడిలో ఆయన పేరే ఉంది.