బ్రూక్‌హాఫ్ అల్లుళ్లు

నేను పోయాక దేవుడు నన్ను ఏ పేరుతో పిలుస్తాడన్న సందేహం ముప్ఫై ఏళ్లుగా నాలో ఉంది. పుట్టింది కెంపర్‌గా. జర్మనీలోని మా వెస్ట్‌ఫాలియాలో ఇంటిపేరు పొలానిది. బ్రూక్‌హాఫ్ పొలానికి ఇల్లరికం వచ్చిన రోజే నేనూ బ్రూక్‌హాఫ్ అయిపోయాను.

ఇవాళ నా కూతురు ఎల్స్‌బెట్ పెళ్లి రాయించడానికి చర్చికి వెళితే, కాబోయే అల్లుడు గెర్డ్ కలం కింద పెట్టేశాడు.

"నా పేరు వదులుకుని రాలేను మామయ్యా. పెళ్లి వద్దులెండి."

నాకు కోపం రాలేదు, నీరసం వచ్చింది. "నా పేరూ మా మామగారు ఇలాగే లాక్కున్నారు నాయనా," అన్నాను.

ఆయన పోతూ తన కోసం ఒక్క ప్రార్థన చెయ్యమన్నారు. సరేనన్నాను గానీ, ఇన్నేళ్లూ నోరు రాలేదు.

"ఎవరు లాక్కున్నారయ్యా?" అంటూ ఫాదర్‌గారు పాత పెళ్లిళ్ల పుస్తకం తెరిచారు. "మీ మామ పుట్టింది టేవెస్‌గా. ఆయన మామ రోట్గర్‌గా. అందరూ అల్లుళ్లే!"

"నాతో ఒక్కసారైనా అనలేదే ఆయన!"

"నువ్వు మాత్రం ఎవరితో అన్నావు?"

గెర్డ్ పుస్తకంలోకి తొంగి చూశాడు. "మరి అసలు బ్రూక్‌హాఫ్‌లు ఎవరండీ?"

"ఆ ఇంటి ఆడపిల్లలు. మీ ఎల్స్‌బెట్ లాగా."

"ఎల్స్‌బెట్ పేరైతే పెట్టుకుంటాను," అని గొణిగి, వాడు కలం తీసుకున్నాడు.

నేను లోపలికి వెళ్లి, బలిపీఠం ముందు మెల్లగా మోకరించాను.

"ప్రభువా, యోహాన్ టేవెస్ ఆత్మకు శాంతినివ్వు."