పట్టుచీర పరీక్ష

వన్ టౌన్ గోడౌన్‌లో డైపర్లు తయారుచేసే పద్మావతమ్మ ఆ రోజు పట్టుచీర కట్టుకొచ్చింది. దూది తగ్గించి, తడి పీల్చే పొడి పెంచి, పెద్దవాళ్ల కోసం చేసిన పల్చటి ప్యాడ్‌ను తనే పెట్టుకుని పొద్దుటి నుంచి పనిచేసింది.

సాయంత్రం సహాయకురాలు కనకలక్ష్మి ఆమె చీర వెనక తడిమి చూసింది.

"చుక్క తడి లేదమ్మగారూ! ఎత్తుగానూ లేదు, చప్పుడూ లేదు. పాపం, వాళ్లిక పేరంటాలక్కూడా వెళ్లొచ్చు."

"వాళ్లెవరో కాదే, నేనే. కాన్పయినప్పటి నుంచీ ఆపుకోలేను."

కనకలక్ష్మి తేరుకుంది. "మరింకేమండీ! శ్రావణమాసమేగా, వెళ్లిరండి."

పద్మావతమ్మ కుచ్చిళ్లు సర్దుకుంది.

"పిలవాలి కదే. బొట్టు పెట్టడానికొచ్చిన ప్రతివాళ్లకీ ఇన్నేళ్లూ రాలేనని చెప్పి పంపేశాను. ఇప్పుడు మా గుమ్మం వదిలేసి పక్కింటికి వెళ్లిపోతున్నారు."