పై వాలు, కింది వాలు

రోస్విత రెండు గ్లాసులు తండ్రి లూట్విన్ ముందుకు జరిపింది.

"ఈ ఏటి కొత్త వైన్ నాన్నా. ఒకటి మన కొండ పై వాలు ద్రాక్షతోటది, ఒకటి కింది వాలుది. ఏది ఏదో చెప్పు చూద్దాం."

"నాకే పరీక్షా? నా ముక్కు సంగతి మోసెల్ నది మీద పడవలవాళ్లని అడుగు, చెప్తారు."

లూట్విన్ వైన్ రుచి చూసేవాళ్ల పద్ధతిలో మొదటిది పుక్కిలించి, మింగకుండా బక్కెట్లో ఉమ్మాడు. "ఇది పైది. వానకి తడిసిన పలకరాయి వాసన." రెండోదీ ఉమ్మాడు. "ఇది కిందిది. మగ్గిన పీచ్ పండే!"

రోస్విత గ్లాసులకేసి చూసింది. పోయిన వారం పాడైపోయి తడి అట్టపెట్టెలా కంపుకొడుతున్న సీసాని ఆయన "అద్భుతం" అన్నప్పుడే ఆమెకు అనుమానం వచ్చింది. అందుకే ఈరోజు రెండు గ్లాసుల్లోనూ ఒకే సీసాలోది పోసింది.

"సరిగ్గా చెప్పావు నాన్నా," అంది మొహం తిప్పుకుని.

"అబద్ధమాడకే. మీ అమ్మకిలాగే నీకూ చెవులు ఎర్రబడతాయి. రెండూ ఒకటేనా?"

ఆమె తలూపింది.

"చలికాలంలో జ్వరం వచ్చింది చూడు, దాంతోపాటే పోయింది వాసన. అప్పట్నుంచీ జ్ఞాపకంతో నెట్టుకొస్తున్నా."

"ఇకనుంచి నేను చూసి చెప్తాలే. నువ్వు పక్కన కూర్చుని తలూపు, చాలు."

"వైన్‌కేముంది, నువ్వున్నావు."

లూట్విన్ కుర్చీకి వేలాడుతున్న ఊలు శాలువా తీసి మొహానికి అదుముకున్నాడు. భార్య పోయాక దాన్ని ఎవరినీ ఉతకనివ్వలేదు ఆయన.

"ఇది కూడా కాస్త చూసి చెప్పు తల్లీ," అంటూ శాలువా కూతురికి అందించాడు. "మీ అమ్మ ఇంకా ఉందా ఇందులో?"