ఏకాదశి నాటి పొగ

లండను నుంచి వచ్చిన తర్కపత్రికను దొంగిలించక తప్పదని కృష్ణస్వామి ఆళ్లగడ్డ బస్టాండులో నిలబడి నిశ్చయించుకున్నాడు. కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజులవి. అహోబిలంలో ఒక చిన్న సంస్కృత పాఠశాలలో ముప్పై ఏళ్లుగా తర్కం చెబుతున్న మనిషి, చీమకు కూడా దారి వదిలి నడిచే మనిషి, దొంగతనానికి దిగాడంటే దానికి కారణం నంద్యాల లెక్చరరు చక్రపాణి.

కృష్ణస్వామి తెలుగులో చెప్పిన వ్యాసాన్ని ఇంగ్లీషులో పెట్టి లండనుకు పంపింది చక్రపాణే. ఆ పత్రిక చూడ్డానికి పంచాంగమంత ఉంటుంది గానీ, అందులో ఒక ముక్క పడిందంటే దేశదేశాల తర్కం పంతుళ్లు తమ పాఠాలు దిద్దుకుంటారట.

ఆ పొద్దున చక్రపాణి నంద్యాల బస్సు కిటికీలోంచి నీలం అట్ట పుస్తకం ఊపుతూ కేకేశాడు.

"పడింది స్వామీ! సగమే వేసినారు. ఆ సగానికే వాళ్ల తర్కం తలకిందులైందంట. మిగతాది అక్కర్లేదన్నారు! శనివారం మీ సన్మానంలో చదివి వినిపిస్తా. అందాకా మా రీడింగురూములో ఉంటాది."

బస్సు కదిలిపోయింది.

శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. ఎదుటివాడి వాదాన్ని ముందు మనమే, వాడికంటే గట్టిగా చెప్పాలి. అది పూర్వపక్షం. ఆ తర్వాతే దాన్ని ఖండించి మన సిద్ధాంతం చెప్పాలి. పూర్వపక్షం కానిదే సిద్ధాంతం నోరెత్తకూడదు. కృష్ణస్వామి వ్యాసంలో పూర్వపక్షం ఏమంటుందంటే, పొగను చూసి నిప్పుందనుకోవడం వట్టి భ్రమ, అసలు తర్కమే దండగ అంటుంది. ఆ ముక్క అచ్చేసి అక్కడికి ఆపేశారన్నమాట, అదీ తన పేరు మీద!

పాఠశాలకు గింజలూ జీతాలూ ఇచ్చేది దొర్నిపాడు రైతు రామయ్య. శనివారం శాలువా కప్పేదీ ఆయనే. తర్కం దండగని తర్కం పంతులే అన్నాడని సభలో వింటే ఉద్యోగం ఊడుతుంది, పరువు గంగలో కలుస్తుంది. ఈ వయసులో ఇంకో కొలువు ఎవరిస్తారు? కృష్ణస్వామికి ఏడుపొచ్చినంత పనైంది.

గురువారం తెల్లారగానే మహానందికి పోతున్నానని ఇంట్లో చెప్పాడు.

"శివుని గుడికా? మీరా?" అంది భార్య వకుళమాల, నామాల వంక చూస్తూ.

"కోనేరు బాగుంటుందంట," అని తల వంచుకుని బయటపడ్డాడు.

ఇంగ్లీషు అక్షరం ముక్క రాకపోయినా నీలం అట్ట గుర్తుంది. నంద్యాల రీడింగురూములో పత్రికను ఉత్తరీయంలో చుట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరాడు. ఆ రోజు ఏకాదశి. ఇంటిల్లిపాదీ ఉపవాసం గనక వంటింటి వైపు ఎవరూ రారు. ఒక్కో కాగితం చింపి పొయ్యిలో పెట్టి కాల్చాడు. అంత తర్కం తెలిసినవాడికి పొగ సంగతి మాత్రం తట్టలేదు.

శనివారం ఆళ్లగడ్డ సభలో రామయ్య శాలువా విప్పుతుండగా హెడ్ కానిస్టేబులు మద్దిలేటి వేదికెక్కాడు. వెనకాలే చక్రపాణి, మొహం వేలాడేసుకుని.

"పత్రిక పోయింది స్వామీ. ఎవరో నామాలు పెట్టుకున్న పెద్దాయన ఎత్తుకపోయినాడంట," అన్నాడు చక్రపాణి.

మద్దిలేటి గొంతు సవరించుకున్నాడు. "ఆ దినం నేను అహోబిలంలో డ్యూటీలో ఉన్యా. ఏకాదశి పూట మీ వంటింట్లోంచి పొగొస్తాండె. ఏం కాలుస్తాంటిరి సామీ?"

కృష్ణస్వామికి జైలు తప్పించుకునే దారి ఒకటే కనిపించింది. అది తాను కాల్చి బూడిద చేశాననుకున్న వాదమే.

"పొగ చూసినావు సరే. నిప్పు చూసినావా?"

"లే. పొగుంటే నిప్పుంటాది గదా!"

"ఎవరు చెప్పినారు?"

"చెప్పేదేంది సామీ? యాడ చూసినా అంతే. మా ఇంట్లో అంతే, హోటల్లో అంతే."

"లోకంలో ఉండే పొగంతా చూసినావా? రేపు రాబోయే పొగ చూసినావా?"

"అదెట్ల చూస్తా?"

"మరి చూడని పొగ గురించి నీకేం తెలుసు? నిన్నటిదాకా కలిసి ఉన్నవి ఈపొద్దు కూడా కలిసే ఉంటాయని నీకు రాసిచ్చినవాడెవడు? నిప్పే లేదంటే ఇంక కాలిందేది? నామాలున్న వాళ్లంతా దొంగలైతే అహోబిలాన్నే జైల్లో పెట్టు!"

మద్దిలేటి టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఏమోప్పా, నా కండ్లను నేనే నమ్మేటట్టు లేను," అంటూ మెట్లు దిగాడు. జనం చప్పట్లతో, ఈలలతో హోరెత్తించారు. కృష్ణస్వామికి ప్రాణం లేచొచ్చింది.

గోల సద్దుమణిగాక రామయ్య నిదానంగా అడిగాడు. "అంటే సామీ, పొగను చూసి నిప్పుందనేది తప్పంటారు?"

మద్దిలేటి ఇంకా మెట్ల దగ్గరే ఉన్నాడు. "తప్పే," అన్నాడు కృష్ణస్వామి.

"ముప్పై ఏండ్లు నా గింజలు తిని పిల్లోళ్లకు మీరు చెప్తాండేది పొగుంటే నిప్పుంటాదనే గదా! ఇంక రేపట్నుంచి రావద్దు మీరు." రామయ్య శాలువా మడిచి చంకలో పెట్టుకుని దిగిపోయాడు.

కృష్ణస్వామి కుర్చీలో కూలబడ్డాడు. ఎట్లాగూ ఊడే ఉద్యోగమే, జైలన్నా తప్పిందని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. "పత్రిక పోయిందని బాధపడబాక చక్రపాణీ," అన్నాడు నీరసంగా. "నువ్వు చదవబోయింది జనం నా నోటనే విన్నారు."

చక్రపాణి వింతగా చూశాడు. "ఇదెందుకు చదువుతా స్వామీ? ఈ మొదటి సగం పిచ్చివాదమని లండనోళ్లు పక్కన పారేసినారు, వాళ్లు అచ్చేసింది మీరు దీన్ని ఖండించిన రెండో సగం!"