చివరి ఇరవై నిమిషాలు

ఫుట్‌బాల్ ఆట డెబ్భయ్యో నిమిషంలో పడగానే రాఘవన్ లేచాడు. ఆయన వెనకే ఫణిధర్, వాళ్ల వెనకే గ్యాలరీ మొత్తం లేచి స్టేషన్‌కి పరుగు తీసింది.

పుదుచ్చేరి జట్టు ఒక గోలు ముందుంది. అయినా పరుగే. చెన్నైలో ఏ సాయంత్రం ఆటకు వెళ్లినా ఇంతే, చివరిదాకా కూర్చుంటే ఊరికి ఆఖరి బండి దొరకదు. బండెక్కాక ఫోన్లో కబురొస్తుంది: ఓడిపోయాం. ఎలా ఓడామో మూడేళ్లుగా ఒక్కరూ కళ్లారా చూడలేదు.

ప్లాట్‌ఫారం మీద రొప్పుతూ ఫణిధర్ స్టేషన్ పేరున్న బోర్డు చదివాడు. పుదుచ్చేరి.

"రాఘవన్ గారూ, ఈవేళ ఆట మనూళ్లోనేనండీ! బండెందుకండీ మనకి?"

రాఘవన్ తల పట్టుకున్నాడు. "అయ్యయ్యో, అలవాటులో వచ్చేస్తిమే! పద ఫణీ, ఇంకా పది నిమిషాలుండాది. ఎట్ల ఓడతామో ఈసారన్నా చూస్తాం."

వెనక్కి తిరిగేసరికి ఒకతను ఎదురుగా పరుగెత్తుకొస్తున్నాడు. చేతులకు ఇంకా గ్లౌజులున్నాయి. పుదుచ్చేరి గోల్‌కీపర్.

"బండి యాడ సార్, పోయిందా? మీరు లేస్తానే నేనూ గోలు వదిలేసి వచ్చేస్తిని, ఎప్పటి మాదిరే!"